పింక్ మూన్: రెండు రాత్రులు, 28 నిమిషాలు

ఈ ఏడాది పత్రికకు ఒక పుస్తకం మీదో సినిమా మీదో విమర్శ రాసి ఇమ్మన్నారు మా తెలుగు మాష్టారు. నేను పాటల రికార్డు మీద రాస్తానండి అన్నాను. "ఎవరిది, ఘంటసాలదా?" అన్నారు. కాదండి, ఇంగ్లండు ఆయన, నిక్ డ్రేక్ అని ఒకాయన ఉన్నాడండి అన్నాను. మాష్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "రాయి. కానీ బాగుంది, చాలా బాగుంది అని రాసుకొస్తే మాత్రం తీసుకోను. ఎందుకు బాగుందో చెప్పాలి, ఎక్కడ బాగులేదో కూడా చెప్పాలి" అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకునే రాస్తున్నాను.

ఆ రికార్డు పేరు పింక్ మూన్. 1972 ఫిబ్రవరిలో లండన్‌లోని ఐలాండ్ రికార్డ్స్ అనే కంపెనీ విడుదల చేసింది. 11 పాటలు, అన్నీ కలిపి 28 నిమిషాలు. ఎల్‌పీ రికార్డు అంటే రెండు వైపులా కలిపి 40 నిమిషాల దాకా ఉండడం మామూలు. ఇది మన బరంపురంలో బస్సెక్కి గోపాల్‌పూర్‌లో దిగేలోపు అయిపోతుంది. అందులో ఉన్నదల్లా ఒక గొంతు, ఒక గిటారు. ఒకే ఒక్క పాటలో కాసేపు పియానో వినిపిస్తుంది. డ్రమ్ములు లేవు, వయొలిన్లు లేవు, వెనక పాడేవాళ్లు లేరు. ఇది రాక్ సంగీతమేనా అని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. రాక్ కంపెనీ వేసింది, రాక్ వాళ్లతో కలిసి పనిచేసినవాడు పాడాడు, ఇప్పటికీ రాక్ వాళ్లే ఎక్కువగా ఈయన పేరు చెప్పుకుంటారు. అంతవరకు చాలు.

ఈ రికార్డు మా ఇంట్లోకి అన్నయ్య వల్ల వచ్చింది. అన్నయ్య ఇంజనీరింగ్ రెండో ఏడాది మధ్యలో హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేశాడు. పగలంతా పడుకునేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు నెలకి రెండుసార్లు డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాడు, కొంచెం నయం. ఈ సంగతి పత్రికలో రాయొచ్చా అని వాణ్ని అడిగే రాస్తున్నాను. అప్పట్లో రాత్రి పదకొండు దాటాక వాడి గదిలోంచి ఈ పాటలు చిన్నగా వినిపించేవి. ఒకసారి మా పిన్ని వచ్చినప్పుడు విని, "ఏటా ఏడుపు పాటలు? వాడికి ముందు అవి మాన్పించండి" అంది. అమ్మకి భయం పట్టుకుంది. ఆ పాడినాయన ఎవరో కనుక్కో అని నాకు చెప్పింది. కనుక్కుంటే నాకూ భయం వేసింది. నిక్ డ్రేక్ 1974 నవంబరు 25న, తన 26 ఏళ్ల వయసులో చనిపోయాడు. మనసుకి సంబంధించిన జబ్బుతో మందులు వాడుతూ ఉండేవాడు. బతికుండగా చేసినవి మూడే రికార్డులు, అందులో చివరిది పింక్ మూన్. ఇది ఆయన వీడ్కోలు ఉత్తరం లాంటిది అని చాలామంది రాశారు.

అదే నిజమైతే పిన్ని చెప్పింది సబబే. అందుకే ఇది నిజంగా వీడ్కోలు ఉత్తరమా, లేక ఒక పనివాడు చేసిన పనా అని తేల్చుకోవాలనిపించింది. పాట విని ఊహించుకుంటే ఎటైనా ఊహించుకోవచ్చు. అందుకని ఆ రికార్డు ఎలా తయారైందో చూశాను.

నిక్ డ్రేక్ పుట్టింది రంగూన్‌లో, 1948 జూన్ 19న. ఈ ముక్క చదివి నాయనమ్మకి చెప్తే, "రంగంలో పుట్టాడా? అయితే మనోడే!" అంది. మా ముత్తాత గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగం వెళ్లి, అక్కడ రేవులో బస్తాలు మోసి, 1942లో బాంబులు పడ్డప్పుడు అడవుల మీదుగా నడిచి వచ్చినవాళ్లలో ఒకడు. గంజాం, శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్లల్లో ఇలాంటి కథ లేని ఇల్లు తక్కువ. అయితే నాయనమ్మతో ఒప్పుకోలేను. నిక్ తండ్రి బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌లో ఇంజనీరు. మా ముత్తాత ఆ మెట్లు ఎక్కి ఉండడు. పిల్లవాడు చిన్నగా ఉన్నప్పుడే వాళ్లు ఇంగ్లండు వెళ్లిపోయి, టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్ అనే పల్లెటూళ్లో స్థిరపడ్డారు. తల్లి మాలీ తనే పాటలు కట్టుకుని ఇంట్లో పియానో మీద పాడుకునేది. ఈ పియానో సంగతి మళ్లీ వస్తుంది.

కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదువుతూ ఉండగానే ఆయనకి రికార్డు చేసే అవకాశం వచ్చింది. జో బాయిడ్ అనే అమెరికన్ నిర్మాతగా ఉండి రెండు రికార్డులు చేయించాడు. మొదటిది 1969లో వచ్చిన ఫైవ్ లీవ్స్ లెఫ్ట్, రెండోది 1971లో వచ్చిన బ్రైటర్ లేటర్. రెండింటిలోనూ పెద్ద పెద్ద వాద్యగాళ్లు ఉన్నారు. కేంబ్రిడ్జ్ స్నేహితుడు రాబర్ట్ కిర్బీ తీగ వాద్యాలకు స్వరాలు రాశాడు. రెండో రికార్డులో డ్రమ్ములు, సాక్సోఫోన్, వెనక పాడే ఆడవాళ్లు, అన్నీ ఉన్నాయి. ఏదీ అమ్ముడుపోలేదు. ఒక్కొక్కటి ఐదు వేల కాపీలు కూడా పోలేదంటారు. ఆయనకి జనం ముందు కూర్చుని పాడడం చాతనయ్యేది కాదు, పత్రికల వాళ్లతో మాట్లాడేవాడు కాదు. అలాంటప్పుడు అమ్ముడుపోకపోవడంలో వింత లేదు.

బ్రైటర్ లేటర్ నేను కూడా విన్నాను. అందులో నార్తర్న్ స్కై అనే పాటలో జాన్ కేల్ వాయించిన వాద్యాలు తీసేస్తే ఆ పాటే ఉండదు. కాబట్టి వాద్యాలు ఎక్కువైతే చెడు, తక్కువైతే మంచి అని నేను అనడం లేదు. కానీ మిగతా కొన్ని పాటల్లో గిటారు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం మధ్య సన్నాయి వాయించేవాడిలా అనిపించింది నాకు. ఆయనకీ అలాగే అనిపించి ఉంటుంది. ఆ రికార్డు అయ్యాక, ఇకమీద చేసేది గొంతూ గిటారూ మాత్రమే అని ఆయన తనతో అన్నట్టు జో బాయిడ్ తర్వాత తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు.

నాకు దొరికిన మొదటి ఆధారం ఇదే. పింక్ మూన్ బోసిగా ఉండడానికి కారణం మనిషిలో శక్తి అయిపోవడం అని రాస్తారు. కానీ బోసిగా ఉండాలన్న మాట ముందే అనుకున్నది.

జో బాయిడ్ 1971లో ఉద్యోగం మీద అమెరికా వెళ్లిపోయాడు. ఇక మిగిలింది జాన్ వుడ్. ఆయన సౌండ్ టెక్నిక్స్ అనే స్టూడియోలో సౌండ్ ఇంజనీరు, దాని యజమానుల్లో ఒకడు. ఆ స్టూడియో లండన్‌లో చెల్సీ అనే పేటలో, ఒకప్పుడు పాలడెయిరీగా ఉన్న భవనంలో ఉండేది. పింక్ ఫ్లాయిడ్ మొట్టమొదటి సింగిల్ కూడా 1967లో అక్కడే రికార్డు అయింది. నిక్ ఆయనకి ఫోను చేసి, రికార్డు చేయాలి అన్నాడు. పగలంతా స్టూడియో వేరేవాళ్లు బుక్ చేసుకుని ఉన్నారు. అందుకని 1971 అక్టోబరు చివర్లో, రాత్రి పదకొండు ప్రాంతంలో మొదలుపెట్టి రెండు రాత్రుల్లో మొత్తం పాడేశాడు. గదిలో ఇద్దరే ఉన్నారు. పాడేవాడు ఒకడు, అద్దం అవతల వినేవాడు ఒకడు.

వీటి మీద తర్వాత ఏమేం పెట్టాలి, దేనికి చోటు ఉంచాలి అని వుడ్ అడిగితే, ఏమీ వద్దు అన్నాడట నిక్. వుడ్ మొదట వీటిని మాదిరి కోసం పాడుతున్నాడేమో అనుకుని ఉంటే నేను తప్పు పట్టను. అప్పటిదాకా అతను చూసిన నిక్ డ్రేక్ రికార్డులు అలా లేవు మరి.

ఇక్కడ స్టూడియో పని గురించి కొంచెం చెప్పాలి. నేను కూడా ఇది రాసేటప్పుడే నేర్చుకున్నాను. మామూలుగా స్టూడియోలో గిటారు ఒకసారి, పాట ఇంకోసారి విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు. గొంతు తప్పితే గొంతొక్కటే మళ్లీ పాడొచ్చు. రెండూ ఒకేసారి చేస్తే అలా కుదరదు. గిటారు మైకులోకి గొంతు పడుతుంది, గొంతు మైకులోకి గిటారు పడుతుంది. ఒక్క మాట జారినా మొత్తం పాట మొదటినుంచి పాడుకోవాల్సిందే. నిక్ ఈ రికార్డులో గిటారు వాయిస్తూ పాడాడు. రోడ్ అనే పాట వినండి. రెండు నిమిషాలు. కుడిచేతి బొటనవేలు కింది శ్రుతి తీగల మీద మృదంగం లాగా లెక్క తప్పకుండా నడుస్తూ ఉంటుంది, మిగతా వేళ్లు పైన వేరే కథ చెబుతుంటాయి, గొంతు ఈ రెండింటితో సంబంధం లేనట్టు తాపీగా వెనకాల వస్తుంది. అన్నయ్య మూడు నెలల నుంచి సాధన చేస్తున్నాడు, వాయించడం వచ్చింది, పాడడం వచ్చింది, రెండూ కలిపితే ఇప్పటికీ తప్పుతాడు.

శ్రుతి సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. గిటారుకి ఆరు తీగలు. మామూలు పద్ధతిలో అవి ఈ, ఏ, డి, జి, బి, ఈ అనే స్వరాలకి ఉంటాయి. నిక్ డ్రేక్ పాటని బట్టి తీగలు మార్చుకునేవాడు. పింక్ మూన్ పాటకి అవి సి, జి, సి, ఎఫ్, సి, ఈ. అంటే నాలుగు తీగలు వదులు చేసి, ఒకటి కాస్త బిగించి, ఆఖరిది అలాగే ఉంచాలి. దీన్ని నేను మన స్వరాల్లోకి మార్చి చూసుకున్నాను. సి ని షడ్జం అనుకుంటే స, ప, స, మ, స, గ వస్తుంది. మూడు తీగలు షడ్జమే! వేళ్లు ఏమీ నొక్కకుండా మీటినా తంబురా దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. ఒకే మనిషి వాయిస్తున్నా గది నిండినట్టు ఎందుకుంటుందో నాకు అప్పుడు అర్థమైంది. వాద్యాలు తీసేశాడు కానీ శ్రుతి తీసేయలేదు.

ఇక పియానో. మొదటి పాటలో ఒక విడత పాడాక, ఉన్నట్టుండి పియానో మీద కొన్ని స్వరాలు మెట్లు దిగినట్టు దిగుతాయి. అది కూడా నిక్ వాయించిందే. రికార్డు మొత్తం మీద గిటారూ గొంతూ అయ్యాక పైన చేర్చింది ఈ ఒక్కటే. మొదటి పాటలో వచ్చింది కదా, ఇంకా వస్తుంది కాబోలు అనుకుంటూ వింటాం. తర్వాతి పది పాటల్లో మళ్లీ రాదు. నాకిది భలే నచ్చింది. పియానో ఉంది, వాయించడం వచ్చు, మనిషి స్టూడియోలోనే ఉన్నాడు. అయినా వాయించలేదు. ఓపిక లేక మానేసినవాడైతే ఆ ఒక్కటీ కూడా పెట్టడు. ఎంత కావాలో కొలుచుకున్నవాడు చేసే పని ఇది. తల్లి వాయించే పియానో గుర్తొచ్చి పెట్టాడా అంటే అది నా ఊహ మాత్రమే, ఆధారం లేదు.

మాష్టారు చెప్పినట్టు బాగులేనివి కూడా చెప్తాను. నో అనే పాటలో ఒకే చిన్న వరస తిరిగి తిరిగి వస్తుంది, చాలాసేపు మూలుగులాంటి రాగం, ఆ తర్వాత నాలుగే నాలుగు చిన్న వాక్యాలు. ఇందులో ఏదో లోతు ఉందని చాలామంది అంటారు. నాకు కనిపించలేదు. పాట కట్టడం మొదలుపెట్టి వదిలేసినట్టుంది. హార్వెస్ట్ బ్రీడ్ కూడా అంతే, రుచి తెలిసేలోపే కంచం తీసేసినట్టు ఉంటుంది. హార్న్ అనే దాంట్లో పాటే లేదు, గిటారు ఒక్కటే ఉంది. కింది తీగ మోగుతూ ఉంటే పైన ఒక్కొక్క స్వరం ఆగి ఆగి వస్తుంది. అది మాత్రం మా ఇంట్లో అందరికీ నచ్చింది, పిన్నికి కూడా. పారసైట్ అనే పాట చీకటిగానే ఉంది. దాన్ని కాదని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను.

రికార్డులో అన్నిటికన్నా పెద్దది థింగ్స్ బిహైండ్ ద సన్. అయినా నాలుగు నిమిషాలు లేదు. అది అప్పటికప్పుడు దుఃఖంలో పుట్టిన పాట కాదు, ముందు నుంచి ఆయన దగ్గర ఉన్నదే. దాన్ని బ్రైటర్ లేటర్‌లోనే పెడదామని బాయిడ్ అడిగాడంటారు. తన పాటకి తగిన చోటు ఇది కాదని ఆపుకున్నాడు. అంటే ఏ పాట ఎక్కడ ఉండాలో కూడా ఆలోచించుకున్నాడు.

ఈ రికార్డు గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. నిక్ డ్రేక్ ఒకరోజు ఐలాండ్ ఆఫీసుకి వచ్చి, టేపు ఉన్న సంచిని ముందు గదిలో బల్ల మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడని, అది రికార్డు అని ఆ తర్వాత గానీ ఎవరికీ తెలియలేదని. దీన్ని రకరకాలుగా చెప్తారు. వినడానికి సినిమాలా బాగుంటుంది. కానీ నాకు ఈ కథ మీద కోపం. ఇందులో జాన్ వుడ్ లేడు. రెండు రాత్రులు లేవు. మైకులు ఎక్కడ పెట్టాలో చూసుకున్నది లేదు, తప్పితే మళ్లీ మొదటినుంచి పాడింది లేదు. ఆ కథలో నిక్ ఒక దయ్యం లాగా వస్తాడు, పోతాడు. మనిషి మాట్లాడడం తగ్గిపోతే చుట్టూ ఉన్నవాళ్లు వాడి చేతుల్లోని పనిని చూడడం కూడా మానేస్తారు. ఇది నేను మా ఇంట్లో చూశాను. అన్నయ్య గిటారు శ్రుతి చేస్తుంటే, "పాపం, వాడలా ఏదో చేసుకుంటున్నాడులే" అనేవాళ్లం. ఏం చేస్తున్నాడో ఎవరం అడగలేదు. స, ప, స, మ, స, గ అని నాకు లెక్క చెప్పింది వాడే.

అప్పటికే నిక్ డ్రేక్ ఆరోగ్యం బాగులేదు. ఆ రెండు రాత్రులూ పెద్దగా మాట్లాడలేదని వుడ్ కూడా అన్నాడు. ఇది దాచకూడదు. కానీ దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడాలి. 1974లో ఆయన మళ్లీ అదే స్టూడియోకి వచ్చి మరికొన్ని పాటలు చేశాడు. అప్పటికి బాయిడ్ కూడా వచ్చాడు, వుడ్ ఉన్నాడు. అప్పుడు ఆయన వాయిస్తూ పాడలేకపోయాడు. గిటారు ముందు వాయించి, దాని మీద గొంతు తర్వాత పాడాల్సి వచ్చింది. జబ్బు చేతుల దాకా రావడం అంటే అది. ఆ పాటలు నేను ఒక్కసారే విన్నాను, రెండోసారి వినలేదు. అవి విన్నాక పింక్ మూన్ వింటే ఒక్క తీగ కూడా తడబడని ఆ చేతులు వేరే మనిషివిలా ఉంటాయి. 1971లో ఆయనకి బాగులేదు, అయినా పని మీద పట్టు పూర్తిగా ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే రాత్రి ఉండగలవు. జబ్బు వల్లే గొప్ప రికార్డు వచ్చింది అనేవాళ్లకి 1974 పాటలు చూపించాలి. జబ్బు ముదిరాక చేతులు లేవలేదు.

రికార్డు వచ్చినప్పుడు ఎవరూ కొనలేదు. 1999లో అమెరికాలో ఒక కారు ప్రకటన వచ్చింది, ఫోక్స్‌వ్యాగన్ వాళ్లది. రాత్రిపూట నలుగురు కుర్రాళ్లు కారులో వెళ్తుంటే పింక్ మూన్ పాట వస్తుంది, మాటలేమీ ఉండవు. దానితో ఒక్కసారిగా అమ్మకాలు పెరిగాయి. అప్పటికి ఆయన పోయి పాతికేళ్లు. ఆ ప్రకటన చూసినవాళ్లలో చాలామందికి పాడినాయన ఎవరో, ఎలా పోయాడో తెలియదు. వాళ్లకి అది ఏడుపు పాటలా వినిపించలేదు. వెన్నెల్లో కారు ప్రయాణంలా వినిపించింది. ముందు చావు గురించి చెప్పి తర్వాత పాట వినిపిస్తే పిన్నికి వినిపించినట్టు వినిపిస్తుంది. తెలియకుండా వింటే వేరేగా ఉంటుంది. మన తరగతిలో నేను ఏమీ చెప్పకుండా నలుగురికి వినిపించాను. ఒకరు నిద్రొస్తోంది అన్నారు, ఒకరు లాలిపాటా అన్నారు, ఒకరు గిటారు ఇద్దరు వాయిస్తున్నారా అన్నారు. నాలుగోవాడు మళ్లీ పెట్టమన్నాడు. దుఃఖం అన్న మాట ఎవరూ అనలేదు.

చివరి పాట ఫ్రమ్ ద మార్నింగ్. రికార్డు రాత్రి చందమామతో మొదలై తెల్లవారడంతో ముగుస్తుంది. ఈ వరస కావాలని పెట్టుకున్నదే అని నా నమ్మకం. వీడ్కోలు ఉత్తరం రాసేవాడు పారసైట్‌తో ముగించి ఊరుకునేవాడు. ఈ పాట చురుగ్గా, తేలిగ్గా, పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లినంత తాజాగా ఉంటుంది. టాన్‌వర్త్‌లో ఆయన సమాధి రాయి మీద తల్లిదండ్రులు చెక్కించింది ఈ పాటలోని మాటలే. వాళ్లకి కొడుకు మనసు ఎంత బాగులేదో అందరికన్నా ఎక్కువ తెలుసు. అయినా ఏడుపు పాట ఏదీ ఏరలేదు.

ఇదంతా అమ్మకి చెప్పాను. అమ్మ అంతా విని, "నాకు ఆ ఇంగ్లీషు తెలీదు గానీ, వాడు ఆ రెండూ కలిపి వాయించడం వచ్చాక నాకు వినిపించమను" అంది.

మొన్న ఆదివారం నాయనమ్మ భజనకి వెళ్లబోతూ హార్మోనియం తుడుస్తోంది. అన్నయ్య గిటారు పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చి, "నాయనమ్మా, ఒకటో శ్రుతిలో స పట్టుకో కాసేపు" అన్నాడు. నాయనమ్మ తిత్తి నొక్కి షడ్జం పట్టుకుంది. వాడు కింది తీగ వదులు చేసుకుంటూ దాంట్లో కలిసేదాకా మీటుతూ కూర్చున్నాడు.